అల్లుడుగారి తొట్టి

కిందటి వారం పెద్దకోడల్ని పశువుల ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మనం వచ్చేశాం. ఈలోగా మనం తిన్నాం, పడుకున్నాం, ఎవరి పనులు వాళ్లం చూసుకున్నాం. ఆవిడ మాత్రం ఇంకా ఆ బెంచీ మీదే ఉంది. ఆఫీసు బెంచీలకి ఆ మహిమ ఉంది, కూర్చున్నవాళ్లని ఓ పట్టాన లేవనివ్వవు.

కథ మధ్యలో వచ్చినవాళ్లకి రెండు ముక్కలు చెప్పి ముందుకి వెళ్తాను. ఊరి చివర పందుల వీధి ఉంది. రెండువైపులా షెడ్లు, షెడ్లని ఆనుకుని ఇళ్లు. ఆ పందులకి అంటుజ్వరం వచ్చింది. మనుషులకి అంటదు గానీ ఒక పందిని పట్టుకుంటే పక్కదాన్ని వదలదు, దానికి మందూ లేదు. జబ్బు సంగతి ఆఫీసుకి వెళ్లి మొదట చెప్పింది పెద్దకోడలే. చెప్పిన పుణ్యానికి తెల్ల సూట్లు తొడుక్కున్న మనుషులు వచ్చి, జబ్బున్నవీ లేనివీ అన్నిటినీ చంపి, వీధి చివర గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చేశారు. తాము చంపిన ప్రతి పందికీ పరిహారం ఇస్తామన్నారు. తాము వచ్చేలోపు తమంతట తాము చచ్చినవాటికి మాత్రం ఏమీ రాదన్నారు. అంటే ఆఫీసువాళ్లు ఎంత నింపాదిగా వస్తే ఖజానాకి అంత లాభం. ఈ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ పందిని ఫొటోలో కూడా చూసి ఉండడు.

పెద్దకోడలి భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోడ్ల మీదే. షెడ్డు వ్యవహారమంతా ఆవిడదే. మెళ్లో గొలుసు, చేతి గాజులు అమ్మి ఆ షెడ్డు కట్టింది. ఇప్పుడు అందులో బోర్లించిన తొట్లు, నేలంతా సున్నం, పసి పందిపిల్లల వెచ్చదనం కోసం వేలాడదీసిన బల్బులు తప్ప ఏమీ లేవు. పరిహారం చేతికొస్తే మళ్లీ పిల్లల్ని కొని మొదలుపెట్టొచ్చు. రాకపోతే పక్కనున్న రంపపు మిల్లులో పొట్టు ఎత్తే కూలికి పోవాలి. మిల్లు మేస్త్రీ అప్పుడే "ఎప్పట్నుంచి వస్తావమ్మా?" అని అడిగేశాడు కూడా. ఆ ప్రశ్న విన్నప్పట్నుంచీ ఆవిడకి అన్నం సహించడం లేదు.

అందుకే నెల దాటినా ఆఫీసు చుట్టూ కాళ్లకి బలపం కట్టుకుని తిరుగుతోంది. ఒకరోజు సంతకం లేదంటారు. ఇంకోరోజు సంతకం ఉంది గానీ సంతకం పెట్టినాయన బదిలీ అయిపోయాడంటారు. మరోరోజు ఫొటోలో చెవులు కనపడ్డం లేదంటారు. పంది చెవులు కాదు, ఆవిడవే.

చివరికి లోపలినుంచి పిలుపొచ్చింది.

గదిలో బల్ల వెనక పెద్దసారు ఉన్నాడు. పక్కన నిలబడి ఉన్నది వీధికి వచ్చి పోయే పశువుల డాక్టరమ్మ. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. పందుల్ని చంపిన రోజు షెడ్డు వెనక నిలబడి ఏడ్చింది ఈ అమ్మాయేనని పెద్దకోడలికి తెలుసు. ఇవాళ మాత్రం తలెత్తి చూడ్డం లేదు.

"ఏమ్మా, మీ వీధి ఫైలు ఆపేశాం," అన్నాడు పెద్దసారు.

"మళ్లీనా సార్! ఇప్పుడేం లోటొచ్చింది?"

"చంపినవాటి లెక్కలో ఆడపందులు ఉన్నాయి. పిల్లలున్నాయి. విత్తులు తీయించి మాంసానికి పెంచినవి ఉన్నాయి. విత్తనపు పోతు ఒక్కటీ లేదు. పైనుంచి అడిగారు. నాకూ అనుమానమే. మీ వీధిలో పందులు గాలి పీల్చి కడుపులు తెచ్చుకుంటున్నాయా?"

పెద్దకోడలికి అప్పుడు గుర్తొచ్చింది. వీధికి పోతు ఉండేది. నిక్షేపంలా ఉండేది. దాని పేరు అల్లుడుగారు.

అల్లుడుగారి సంగతి మీకూ చెప్పాలి. విత్తనపు పోతుని మేపడం ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు, అది తినే తిండికి ఒక సంసారం నడుస్తుంది. అందుకని వీధంతా కలిసి ఒకదాన్నే కొనుక్కుని ఉమ్మడిగా పెట్టుకున్నారు. ఎవరింట్లో ఆడపంది ఎదకొస్తే వాళ్లు తోలుకెళ్లి రెండు మూడు రోజులు ఉంచుకుంటారు. ఉన్నన్నాళ్లూ మేలైన తవుడు, ఉడకబెట్టిన దుంపలు, ఒళ్లు రుద్ది స్నానం. పని కాగానే పక్కింటికి ప్రయాణం. ఎక్కడికెళ్లినా మర్యాదలు చేయించుకుని చేతులు దులుపుకుని పోయేవాణ్ణి అల్లుడుగారనక ఏమంటారు? ఆయనతోపాటు ఆయన తొట్టి కూడా ఇల్లు మారేది. అంచు కొరికేసిన ఇనప తొట్టి. అందులో పోస్తేనే మూతి పెడతాడు, వేరేదాంట్లో అమృతం పోసినా తన్నేస్తాడు. అందుకే వీధిలో ఆయన ఎక్కడున్నాడో తెలియాలంటే తొట్టి ఎవరి గుమ్మంలో ఉందో చూసేవాళ్లు.

అందరివాడు కాబట్టే ఎవరివాడూ కాకుండా పోయాడు. పందుల్ని చంపిన రోజు ఎవరికి వాళ్లు తలుపులేసుకుని లోపల కూర్చున్నారు. ఏ ఇంటికి ఆ ఇల్లు, అల్లుడుగారు పక్కింట్లో ఉన్నాడనుకుంది. పక్కింటివాళ్ల లెక్కలో చచ్చిపోయుంటాడనుకుంది. పెద్దకోడలూ అలాగే అనుకుంది. ఉమ్మడి వస్తువుకి జరిగే మర్యాద ఇదే.

"ఎవరి షెడ్డులోనో చచ్చే ఉంటాడు సార్," అంది తేరుకుని. "ఆ గలాటాలో మీవాళ్లు చూసుకుని ఉండరు."

డాక్టరమ్మ అప్పుడు తలెత్తింది. "లేదమ్మా. ఆ రోజు ప్రతి షెడ్డులోనూ నేనే ఉన్నా. అంత పెద్ద పోతుని చూస్తే మర్చిపోతానా?"

"అంటే ఎవరో దాచారని," అన్నాడు పెద్దసారు. "జబ్బు తిరిగిన వీధిలో ఒక్క పంది మిగిలినా మొత్తం చేసిన పని వృథా. ఏరు దాటితే ఆవల ఎన్ని షెడ్లున్నాయో నీకు తెలుసు. అక్కడికి పాకితే ఎవరు జవాబు చెప్తారు? విను. ఎవరి జాగాలో దొరికితే వాళ్ల పేరు కొట్టేస్తాను. వాళ్లకి పైసా రాదు. మిగతా వీధి మొత్తానికీ వదిలేస్తాను. రేపు సాయంత్రం లోగా తేలకపోతే అందరిదీ వెనక్కి పంపేస్తాను. ఆ తర్వాత నా కాళ్లు పట్టుకున్నా లాభం లేదు."

"ఒకళ్లు చేసినదానికి వీధంతా ఎందుకు పోవాలి సార్?"

"నీకు న్యాయం కావాలా, పరిహారం కావాలా? నా దగ్గర రెండోదే ఉంది."

పెద్దకోడలు బల్ల దగ్గరికి జరిగింది. "మా వీధిలో అలాంటి పని చేసేవాళ్లు లేరు సార్. జబ్బొచ్చిందని మీకు చెప్పింది నేను. తాళ్లు పట్టుకుని మీవాళ్లకి పందుల్ని అప్పగించింది మేము. మీరు నమ్మకపోతే పొండి, నాదీ పూచీ."

ఆ పూచీ మాటని పెద్దసారు వెంటనే కాగితం మీద రాసుకున్నాడు. పనికొచ్చే మాట ఒక్కటి చెప్పినా పెన్ను కదలదు గానీ, ఇలాంటివి మాత్రం చటుక్కున రాసేసుకుంటారు.

వరండాలోకి వచ్చాక డాక్టరమ్మ వెనకే వచ్చి ఫోను నంబరు ఇచ్చింది. "నా చేతిలో ఏమీ లేదమ్మా. దొరికితే ముందు నాకు చెప్పండి. ఎంత తొందరగా చెప్తే అంత మంచిది," అంది. ఆ అమ్మాయి కళ్లకింద నల్లగా ఉంది.

పెద్దకోడలు వీధికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. కుళాయి దగ్గర నలుగురు కనపడగానే సంగతి చెప్పేసింది. క్షణంలో వీధంతా అక్కడికి చేరింది. పనుల్లేని వీధి కదా, చేరడానికి ఎంతసేపు!

ఇక చూడండి. అల్లుడుగారు మా ఇంటినుంచి మీ ఇంటికే వచ్చాడు కదా అని ఒకళ్లు. వస్తే వచ్చాడు, మర్నాడే ఎదురింటికి పంపేశాం కదా అని ఇంకొకళ్లు. ఎదురింటావిడ తన పిల్లల మీద ఒట్టేసింది. ఆవిడ ఒట్టు సంగతి తెలుసులే అని పక్కావిడ అంది. మామూలు రోజుల్లో "మా ఇంట్లో ఇంకో పూట ఉంచండి" అని అల్లుడుగారి కోసం కొట్టుకున్న జనం ఇప్పుడు ఆయన మొహమే చూడలేదన్నట్టు మాట్లాడుతున్నారు. ఒక ఇంటి మీదనుంచి ఇంకో ఇంటి మీదకి తోసుకుంటూ తోసుకుంటూ మాట వీధి చివరిదాకా వచ్చింది.

అక్కడ తూకం మావయ్య నిలబడి ఉన్నాడు. వరసకి పెద్దకోడలికి చిన్న మావగారు. వీధిలో పంది అమ్మాలన్నా కొనాలన్నా ఆయన కాటా ఎక్కాల్సిందే. పెద్దకోడలి షెడ్డు వెనక గోడకి ఆనుకునే ఆయన తూకం కొట్టు. జబ్బొచ్చి అమ్మకాలు ఆగిపోయినప్పుడే కొట్టుకి తాళం వేసేశాడు. ఆయన మెల్లిగా అన్నాడు.

"అమ్మాయ్, చివర మీ ఇంటికే వచ్చాడు. వాళ్లు రావడానికి ముందురోజు సాయంత్రం. మీ అత్త తోలుకెళ్తుంటే నేను చూశా. తొట్టి నెత్తిన పెట్టుకుని వెళ్లింది."

వీధి మొత్తం పెద్దకోడలి వైపు తిరిగింది.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో లేదు. ఆఫీసులోనే ఉంది, తెల్ల సూట్ల వాళ్లు ఎప్పుడొస్తారో కనుక్కుంటోంది. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. అత్తయ్యని అడిగి చెప్తానని అనొచ్చు. కానీ నెలరోజులుగా గడపగడపకీ తిరిగి చీవాట్లు తిని వచ్చిన మనిషి. ఆ కోపం పెద్దసారు మీద చూపించలేదు, గుమాస్తా మీద చూపించలేదు. అదంతా ఇప్పుడు అయినవాడి మీద పడింది.

"మా అత్తయ్య దొంగా? మీ నోరు పడిపోను! జబ్బొచ్చిందని చెప్పిందే మేమైతే మేం దాస్తామా? కాటా పలక మీద కాలివేలు ఆన్చి దొంగతూకాలతో బతికినవాళ్లు కూడా మాకు నీతులు చెప్పొచ్చారు!"

ఆ మాట ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనుకోలేదు కూడా. తూకం మావయ్య గురించి చెప్పుకునేదల్లా వేరు. పంది కాటా ఎక్కితే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని దూరంగా జరిగి నిలబడతాడు. అందరూ అది చూసి నవ్వేవాళ్లు.

ఆయన ఇప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. పెద్దకోడలి మొహం వంక కాసేపు చూశాడు. "సరేనమ్మా," అని వెళ్లిపోయాడు.

తప్పు చేశానని పెద్దకోడలికి అప్పుడే తెలిసింది. తెలిసినా కాలు ముందుకి పడలేదు. అంతమందిలో వెనక్కి తగ్గడం చేతకాలేదు. "రేపు పొద్దున్న చెప్దాంలే" అనుకుని ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో అత్తగారు కనపడలేదు. వంటింట్లో పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయి. గిన్నె నిండా ఉన్నాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు, అందులో ఒకళ్లకి అన్నం సహించడం లేదు. ఇన్ని దుంపలు ఎవరికి? పెద్దకోడలు ఆ గిన్నె వంక చూస్తూ ఉండగానే పెరట్లోంచి కొబ్బరిపీచుతో ఇనుము తోముతున్న చప్పుడు వినపడింది.

వెళ్లి చూసింది.

అత్తగారు గోడ పక్కన కూర్చుని తొట్టి తోముతోంది. అంచు కొరికేసిన ఇనప తొట్టి.

కోడల్ని చూసి ముసలావిడ చేతులు ఆగాయి. దాచడానికి ప్రయత్నించలేదు. దాచడానికి చీరకొంగు చాలేంత చిన్న వస్తువూ కాదు.

"ఎక్కడ?" అంది పెద్దకోడలు.

"ముందు కూర్చో."

"ఎక్కడున్నాడు అత్తయ్యా?"

అత్తగారు గడ్డంతో గోడ అవతలికి చూపించింది. గోడ అవతల తూకం కొట్టు.

"తాళం..."

"నా దగ్గరే ఉంది. కొట్టు మూసినప్పుడు అతనే ఇచ్చాడు. కాటా తడిసిపోకుండా చూస్తుండు వదినా, నేను మళ్లీ అందులో అడుగు పెట్టలేను అన్నాడు. అతనికేం తెలీదు. రాత్రికి రాత్రి నేనే వెనక తలుపులోంచి తోలేశా."

పెద్దకోడలు బావిగట్టు మీద కూలబడింది. నెల్లాళ్లు! ఆఫీసులో తను పూచీ పడుతుంటే, కుళాయి దగ్గర ఆ పెద్దమనిషిని నోటికొచ్చినట్టు అంటుంటే, గోడకి అవతల అల్లుడుగారు దుంపలు తింటున్నాడు. రంపపు మిల్లు హోరులో ఆయన గురక ఎవరికి వినిపిస్తుంది? సున్నం, ఫినాయిలు కంపులో ఆయన వాసన ఎవరికి తెలుస్తుంది?

"ఏం పని చేశారు అత్తయ్యా! నా చేత అంతమందిలో ఒట్లు పెట్టించారు. ఎందుకు చేశారిలా?"

"ఎందుకా?" ముసలావిడ పీచు విసిరికొట్టింది. "మీ మావగారు కోళ్లు పెంచిన రోజుల్లో కోళ్లకి జబ్బొచ్చింది. ఇలాగే వచ్చారు. ఇలాగే చంపారు. పరిహారం అన్నారు. ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకెళ్లేవాడు, చొక్కా లేకుండా వెళ్తే ఇవ్వరేమోనని. చొక్కా చిరిగింది గానీ పరిహారం రాలేదు. ఆయన పోయాక నేను వెళ్తే, ఆయన్నే రమ్మన్నారు. నువ్వేమో కొత్తగా నమ్ముతున్నావ్. నమ్మేవాళ్లని చూస్తే నాకు భయం."

"ఈసారి వస్తుంది. అన్నీ అయిపోయాయి. ఒక్క సంతకం..."

"వచ్చిందే అనుకో. పిల్లల్ని కొంటావ్. పెరుగుతాయి. ఎదకొస్తాయి. అప్పుడు పోతుని ఎక్కణ్ణుంచి తెస్తావ్? చుట్టుపక్కల ఒక్కటన్నా మిగిల్చారా? విత్తనం లేకుండా డబ్బు నాటుకుంటావా?" ఆవిడ చేత్తో తొట్టి అంచు తడిమింది. "అదీ కాదులే. మర్నాడు పొద్దున్నే వస్తున్నారని నువ్వు ఫోను చేశావ్ చూడు, అప్పుడు వాడు నా కొంగు నోట్లో పెట్టుకుని నవుల్తూ నిలబడి ఉన్నాడు. ఇవ్వలేకపోయా. అంతే."

పెద్దకోడలికి అరవాలనిపించింది. ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఏడవాలనీ అనిపించింది. ఆవిడ చెప్పినదాంట్లో కాదనడానికి ఏమీ దొరకకపోవడమే మరీ మంటగా ఉంది. మింగలేక కక్కలేక తొట్టి వంక చూసింది. అప్పుడు తట్టింది ఇంకో సంగతి.

"ఇన్నాళ్లూ ఇక్కడికి తేని తొట్టి ఇవాళెందుకు తెచ్చారు?"

అత్తగారు తడిచేతుల్ని చీరకి తుడుచుకుంది, తుడిచినచోటే మళ్లీ తుడుచుకుంది.

"తొట్టికి పాచివాసన పట్టిందేమోనని."

"అత్తయ్యా!"

"పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. ముట్టలేదు. వాడు తిండి వదలడం నేనెప్పుడూ చూళ్లేదు."

పెద్దకోడలు ఇంక ఆగలేదు. వెనక తలుపులోంచి తూకం కొట్టులోకి వెళ్లింది. కాటా మీద దుప్పటి కప్పి ఉంది, అత్తగారు ఆ మాట మాత్రం నిలబెట్టుకుంది. కాటా పక్కన గడ్డి మీద అల్లుడుగారు పడుకుని ఉన్నాడు. మనిషి అలికిడి వింటే చాలు లేచి వచ్చి మోకాళ్లకి మూతి రాసేవాడు, ఇప్పుడు ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఆవిడ వంగి చెవి ముట్టుకుంది. పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. చెవి చివర్లు ఎర్రబారాయి. తన షెడ్డులో మొదటి పంది చెవి కూడా సరిగ్గా ఇలాగే ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏటి అవతల షెడ్లు గుర్తొచ్చాయి. అక్కడా ఎవరో ఒకావిడ గాజులమ్మి షెడ్డు కట్టుకునే ఉంటుంది. ఇక రేపటిదాకా ఆలోచించే పని లేదు.

చెప్పులు విడిచేసి, కాళ్లూ చేతులూ మందునీళ్లతో కడుక్కుని, పెరట్లో నిలబడి డాక్టరమ్మకి ఫోను చేసింది. అత్తగారు పక్కకి వచ్చి నిలబడింది. ఆపలేదు.

"చెప్పండమ్మా."

"దొరికాడు మేడమ్."

"బతికే ఉన్నాడా?"

"బతికే ఉన్నాడు. పొద్దున్నుంచి మేత ముట్టలేదు. చెవులు కాలిపోతున్నాయి."

డాక్టరమ్మ గొంతు వేగం అందుకుంది. "మీరెవరూ దగ్గరికి వెళ్లకండి. ఆ తలుపు మూసేయండి. మేం బయల్దేరుతున్నాం. సారు ఇక్కడే ఉన్నారు, రాసుకుంటున్నారు. ఒక్కటి చెప్పండి, ఎవరి జాగాలో ఉన్నాడు?"

ఎవరు దాచారని అడగలేదు. ఎవరి జాగా అని అడిగింది.

అత్తగారికి చెవులు బాగానే పనిచేస్తాయి. కోడలి చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది. "అడిగినదానికే చెప్పు. అబద్ధం ఆడమనట్లేదు నిన్ను. కొట్టు ఎవరిది? మనదా?"

పెద్దకోడలు ఆవిడ మొహంలోకి చూసింది. ముసలావిడ చూపు తిప్పుకుంది గానీ చెయ్యి వదల్లేదు. "అతను ఒంటి మనిషి. ఏం కావాలి అతనికి? మనకి అలా కాదు. నువ్వు మిల్లులో పొట్టు ఎత్తుతుంటే చూస్తూ నేను బతకలేనే అమ్మాయ్."

నిజమే చెప్పొచ్చు. తూకం కొట్టులో అని రెండు ముక్కలంటే చాలు. అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. వీధికి పరిహారం వస్తుంది, తనకీ వస్తుంది. పైగా వీధంతా నమ్ముతుంది కూడా, ఎందుకు నమ్మదు? ఆయన చెయ్యి మంచిది కాదని ఇందాక కుళాయి దగ్గర అందరికీ చెప్పి వచ్చింది తనే కదా.

"హలో? వినపడుతోందా అమ్మా?"

ముందు గుమ్మంలో ఎవరో దగ్గారు. అత్తగారు ఉలిక్కిపడి చెయ్యి వదిలేసింది. తూకం మావయ్య. పెరట్లోకి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి పిలిచేదాకా రాకూడదనుకునే కొత్తవాళ్లు నిలబడే చోట నిలబడ్డాడు.

"వదినా, ఆ కొట్టు తాళంచెవి ఓసారి ఇస్తావా?" అన్నాడు. "మిల్లు మేస్త్రీ కాటా కొంటానన్నాడు. వచ్చి చూసుకుంటాట్ట, బయటే ఉన్నాడు."

"అదేంటి! అమ్మేస్తావా? మీ నాన్న కాటా కదా అది!" అంది అత్తగారు బిత్తరపోతూ.

"ఇంక నాకెందుకులే వదినా." ఆయన పెద్దకోడలి వంక చూడలేదు. "రేపు మళ్లీ పందులొచ్చినా, నేను కాటా దగ్గర నిలబడితే అందరూ నా కాళ్ల వంకే చూస్తారు."

తాళంచెవి అత్తగారి బొడ్డున వేలాడుతోంది. ముసలావిడ దాన్ని చేత్తో మూసుకుని కదలకుండా నిలబడింది. ఫోనులో డాక్టరమ్మ మళ్లీ పిలుస్తోంది. ఆ వెనక పెద్దసారు గొంతు వినపడింది, "ఎవరి పేరు కొట్టేయాలో త్వరగా చెప్పమను" అంటున్నాడు విసుగ్గా.

పెద్దకోడలు అత్తగారి వేళ్లు విడదీసి తాళంచెవి తీసుకుంది. దాన్ని తూకం మావయ్యకి ఇవ్వలేదు. పిడికిట్లో బిగించి పట్టుకుని, ఆయనకి కూడా వినపడేంత గట్టిగా ఫోనులో చెప్పింది.

"మేడమ్, సారుని నా పేరు రాసుకోమనండి."